సామర్లకోట తోట – విలియం రాక్స్‌బర్గు

ఫాల్గుణ మాసం ప్రవేశించగానే గోదావరి మండలంలోని పెరళ్ళకు కొత్త కళ వస్తుంది. మామిడి పూత మీద తేనెటీగల రొద, గోడవారన మల్లెపొదలో తొలిమొగ్గ, తెల్లవారుజామున నేల నిండా రాలిన మునగపూలు, ఆ పూలకొమ్మ మీద తలక్రిందులుగా వ్రేలాడుతూ తేనె పీల్చే నల్లని తేనెపిట్ట – ఇవి ఎవరికీ కొత్త దృశ్యాలు కావు. ఊరు దాటి మెట్ట వైపు నాలుగు మైళ్ళు నడిస్తే మోదుగ కనిపిస్తుంది. ఆకంతా రాల్చి, కొమ్మ కొమ్మకూ నిప్పుకణికెలు గ్రుచ్చుకొన్నట్లు నిలిచి ఉంటుంది. ఆ చెట్టు మీద గోరువంకలూ, కాకులూ, చిలుకలూ చేసే సందడి చెప్పనలవి కాదు. ఈ పువ్వు వంకర చూచి, ఇది చిలుక ముక్కా అని భ్రమించే మన పూర్వులు దానికి కింశుకమని పేరు పెట్టినారు. పక్షినీ పువ్వునూ ఒకే మాటలో ముడివేసిన ఆ పేరులో ఎంత పరిశీలన ఉన్నదో గ్రహించాలి. ఆ ఎర్రని రంగూ, అడుగున దాచిన తేనే పక్షులను పిలవడానికేననీ, పుప్పొడిని ఒక పువ్వునుండి మరొక పువ్వుకు చేర్చేది తేనెపిట్టల వంటి చిరుజీవులేననీ నేటి శాస్త్రం కూడా చెబుతున్నది.

ఈ మోదుగ చెట్టు శాస్త్రగ్రంథాలలో బ్యూటియా అనే పేరుతో నిలిచింది. బ్రిటిష్ ప్రధానమంత్రిగా పనిచేసిన బ్యూట్ ప్రభువు వృక్షశాస్త్రాభిమాని కావడం చేత ఆయన పేరు దానికి పెట్టినారు. మన కింశుకం సీమదొర పేరు ధరించడం విచిత్రమే. ఆ పేరును లోకానికి వెల్లడించిన గ్రంథకర్త లండనులో కూర్చుని ఎండిన రెమ్మలను చూచి వ్రాసినవాడు కాడు. పండ్రెండు సంవత్సరాలపాటు మన సామర్లకోటలో నివసించి, మన ఎండలో ఎండి, మన ఉప్పెనలో సర్వస్వం పోగొట్టుకొని, మన మొక్కలను పేరు పేరునా పలుకరించినవాడు. ఆయనే విలియం రాక్స్‌బర్గు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనను శాస్త్రలోకం గౌరవిస్తుంది. చాళుక్య భీమేశ్వరాలయం వలన సామర్లకోటను ఎరిగినవారు వేలకు వేలు. ఈ తోటమాలి వలన ఎరిగినవారు మాత్రం బహు స్వల్పం.

రాక్స్‌బర్గు 1751లో స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించినాడు. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించినాడు. ఆ కాలంలో వైద్యునికి ఓషధుల పరిచయం అత్యవసరం కనుక వృక్షశాస్త్రం వైద్యవిద్యలో అంతర్భాగంగా ఉండేది. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుడు మొక్కల మీద అభిరుచి కలిగించడంలో సిద్ధహస్తుడు. ఒక మంచి ఉపాధ్యాయుడు నాటిన విత్తనం ఎంత దూరదేశంలో మొలకెత్తుతుందో చెప్పడానికి ఈ శిష్యుడే నిదర్శనం. చదువు పూర్తి కాకముందే ఈస్టిండియా కంపెనీ ఓడలలో వైద్యసహాయకుడుగా ప్రయాణాలు చేసి, 1776లో చెన్నపట్నంలో కంపెనీ వైద్యోద్యోగంలో ప్రవేశించినాడు. అక్కడి ఆసుపత్రిలో పని చేస్తూనే రోజుకు మూడు వేళల వాయుభారాన్నీ, ఉష్ణోగ్రతనూ కొలిచి దినచర్యగా వ్రాసిపెట్టినాడు. ఆ లెక్కలు రాయల్ సొసైటీ వారి పత్రికలో 1778లోను, 1780లోను ప్రకటింపబడినవి. ప్రతిదినమూ చూడడం, చూచినదానిని వెంటనే వ్రాసిపెట్టడం – ఈ రెండు అలవాట్లే ఆయన జీవితానికి పునాదిరాళ్ళు.

1781లో ఆయనకు సామర్లకోటకు బదిలీ అయింది. అక్కడి సైనిక దళానికి వైద్యుడుగా ఉండడమే ఉద్యోగం. దళం చిన్నది. తీరిక ఎక్కువ. మరొకడైతే ఆ తీరికను పేకాటకో వేటకో వెచ్చించేవాడేమో! రాక్స్‌బర్గు తోట వేసినాడు. ఉత్తరాన కొండలు, తూర్పున సముద్రం, దక్షిణాన గోదావరి పాయల లంకలు, మధ్య మెట్ట, పల్లం రెండూ కలిసిన నేల. ఇన్ని రకాల భూములు ఒకచోట కలిసే ఊరు వృక్షశాస్త్రజ్ఞునికి దొరకడం అదృష్టమే. కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, మల్బరీ వంటి పరదేశపు మొక్కలను తెప్పించి ఆయన ఈ నేలలో పెంచి చూచినాడు. ఉత్తరపు కొండలలో అడవిమిరియపు తీగ ఉన్నదని తెలిసి, దానిని తెప్పించి తోటగా వేసినాడు. స్థానికులు దానిని మిరియాల తీగ అంటారని గ్రంథంలో నమోదు చేసినాడు.

ఆ తీరంలో ఆయన ఒంటరివాడు కాడు. లిన్నేయసు మహాశయుని ప్రత్యక్ష శిష్యుడైన యోహాన్ కోనిగ్ అప్పటికే దక్షిణదేశమంతా తిరిగి మొక్కలు సేకరిస్తూ ఉండేవాడు. అతడు రాక్స్‌బర్గుకు గురువూ, మిత్రుడూ అయినాడు. ఆ కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూసినాడు. తుదిఘడియలలో వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గే. తరువాత కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణంలో ఉండి మన పాముల మీద గొప్ప గ్రంథం సిద్ధం చేసినాడు. ఈ తీరపు మొక్కలకు బొమ్మలతో సహా ఒక మహాగ్రంథం రావాలని సూచించినవాడు కూడా అతడే. 1789లో రస్సెల్ స్వదేశానికి మరలిపోగా ఆ పదవి రాక్స్‌బర్గుకు లభించింది.

ఈ మధ్యలో ఒక ఘోరవిపత్తు జరిగింది. 1787 మే నెలలో కోరంగి ప్రాంతాన్ని ఉప్పెన ముంచివేసింది. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయినవి. వేలాది జనం, లెక్కకు మిక్కిలిగా పశువులు నశించినవి. ఆ సమయంలో యానాం సమీపాన ఇంజరంలో ఉన్న రాక్స్‌బర్గు ప్రాణాలతో బయటపడినాడు గాని, ఆయన గ్రంథాలు, పత్రాలు, ఏళ్ళ తరబడి ఆరబెట్టి భద్రపరచిన మొక్కల సంచయం నీటిపాలైనవి. చదువుకొన్నవానికి వ్రాతప్రతి పోవడం కన్న మించిన దుఃఖం ఉండదు. అప్పుడాయన వయస్సు సుమారు ముప్పదియారు. ఆయన మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టినాడు. ఈనాడు మన చేతికందే సామర్లకోట వ్రాతలలో అధికభాగం ఆ నష్టం తరువాత తిరిగి సాధించుకొన్నదే.

ఆయన పరిశీలన పద్ధతి ఎటువంటిదో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. 1789 నవంబరు 20వ తేదీన కొండలనుండి లక్క పట్టిన వెలుతురు చెట్టు కొమ్మలను ఎవరో తెచ్చి ఇచ్చినారు. లక్కను బంగారు నగలలో నింపడం, గాజులు చేయడం, బొమ్మలకు పూయడం మన దేశంలో అనాదిగా ఉన్నది. అది ఒక పురుగు వలన పుడుతుందని ఎరిగినవారు ఉన్నారు గాని, ఆ పురుగు బ్రతికే తీరును ఓపికగా కూర్చుని చూచి వ్రాసినవారు అరుదు. రాక్స్‌బర్గు ఆ కొమ్మలను వెడల్పు మూతిగల గాజుసీసాలలో ఉంచి, పైన పలుచగా కప్పి, ప్రతిదినమూ చూస్తూ కూర్చున్నాడు. పదునాలుగు దినాలు గడచినవి. డిసెంబరు 4వ తేదీన కంటికి కనిపించీ కనిపించని ఎర్రని ప్రాణులు వేలకొలది లక్క మీద, కొమ్మల మీద ప్రాకుతూ కనిపించినవి. వాని రూపం, కాళ్ళు, నడక, పొరనుండి వెలువడే తీరు సర్వమూ వ్రాసి పంపగా, 1791లో రాయల్ సొసైటీ పత్రికలో ఆ వ్యాసం వెలువడింది. శీర్షిక క్రింద రచయిత పేరుతోపాటు సామర్లకోట పేరు కూడా అచ్చయింది. ఒక గాజుసీసా, ఒక కొమ్మ, పదునాలుగు దినాల ఓపిక – ఇంతే ఆ పరిశోధనకు పరికరాలు.

ఆయన దృష్టి అడవికే పరిమితం కాలేదు. పెద్దాపురం, పిఠాపురం జమీందారీలలో ఏలేటి నీటితో సాగే చెరకు వ్యవసాయాన్ని రైతు వెంట తిరిగి గమనించినాడు. ముచ్చెలు నాటడం, వెదురు పాతి గడలను ఆసరాగా కట్టడం, ఆకును గడకు చుట్టడం, గానుగ ఆడడం, బెల్లం వండడం – సమస్తమూ వివరించి ఒక వ్యాసం వ్రాసినాడు. ఎవరి పని వారికి బాగా తెలుసుననే వినయం ఆ వ్యాసంలో కనబడుతుంది. అద్దకపు ఎరుపు రంగునిచ్చే చిరివేరు, నీలిరంగునిచ్చే అంకుడు ఆకు కూడా ఆయన పరీక్షకు నిలిచినవి. ఏటికొప్పాక బొమ్మలకు కర్రనిచ్చే అంకుడే అది. మోదుగపూల కషాయంలో, ముందుగా పటిక నీటిలో తడిపిన నూలుబట్టను ముంచి, చక్కని పసుపు రంగు రావడం ఆయన స్వయంగా పరీక్షించి చూచినాడు. వసంతోత్సవంలో మోదుగరంగు చల్లుకొనే జాతికి ఇది వింత కాదు. కాని చేసి చూచి కొలతతో వ్రాయడం శాస్త్రం. ఎర్రనీటిని తేర్చడానికి చిల్లగింజను కుండ లోపల అరగదీసే మన ఇల్లాండ్ర ఉపాయం కూడా ఆయన గ్రంథంలో చోటు చేసుకొన్నది. గోదావరికి కొత్తనీరు వచ్చే దినాలలో ఆ గింజ విలువ మన అమ్మమ్మలకు తెలుసు.

ఇంతలో కరువు వచ్చింది. 1789 మొదలు మూడు నాలుగేండ్లు వానలు ముఖం చాటువేసినవి. ఉత్తర సర్కారులలో జనం పిట్టల వలె రాలిపోయినారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. దాని నిర్మాణానికి ఇంకా అరువది సంవత్సరాలు ఆగవలసి ఉన్నది. గోదావరి నిండుగా పారి సముద్రంలో కలుస్తూంటే ఒడ్డున ఉన్న పొలాలు బీటలు వారి ఉండేవి. వానలెక్కలు చేతిలో ఉన్న రాక్స్‌బర్గు ఆ దారుణాన్ని కండ్లారా చూచినాడు. వరి ఒక్కదానినే నమ్ముకొన్న దేశానికి ఒక్క వాన తప్పితే ప్రాణం పోతుందని ఆయన గ్రహించినాడు. కొబ్బరి, తాడి, ఖర్జూరం, అరటి, పనస, సీమపనస, సగ్గుబియ్యమిచ్చే చెట్టు – ఇటువంటి వానిని విరివిగా నాటిస్తే వరి పోయిన యేట జనానికి ప్రాణాధారంగా ఉంటుందని ప్రభుత్వానికి విన్నవించినాడు. పెరటిలో నాలుగు ఫలవృక్షాలుంటే పస్తు తప్పుతుందనే మన ముసలివారి మాటకూ, ఈ విన్నపానికీ భేదం లేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఆయన కంపెనీ ఉద్యోగి. మిరియం, నీలి, పట్టు, రంగు – వీనిలో ఏది లాభసాటి అన్నదే కంపెనీ దొరల ప్రశ్న. తోటకు ధనమిచ్చినది ఆ ప్రశ్న కోసమే. ఆ మొక్కల జ్ఞానం కంపెనీ వర్తకానికే సాధనమైనది. కనుక రాక్స్‌బర్గును నిస్స్వార్థ ఋషిగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. అయితే లాభం కోసమే మొక్కను చూచేవాడు పైసా విలువ చేయని గడ్డిపువ్వును వర్ణించడానికి పుటలు ఖర్చు పెట్టడు. రాక్స్‌బర్గు పెట్టినాడు. ఆయనలో ఉద్యోగీ, ప్రేమికుడూ కూడా ఉన్నారు. ఇద్దరినీ చూడడమే సత్యం.

ఆ తోటలో మరికొందరు పనిచేసినారు. వారు మన చిత్రకారులు. రాక్స్‌బర్గు దేశీయులైన చిత్రకారులను నియమించి, మొక్కను కోసినది కోసినట్లు ఎదుట పెట్టి, ఆకు, పువ్వు, కాయ, గింజ నిజప్రమాణంలో వ్రాయించినాడు. కోసిన పువ్వు వాడిపోయేలోగా రంగు పట్టుకోవాలి. కేసరాల లెక్క తప్పరాదు. అద్దకాలలో, పటాలలో తీగలను అందంగా మెలికలు తిప్పడం అలవాటైన చేతులు, ఇప్పుడు ఉన్నది ఉన్నట్లు గీయడం నేర్చుకొన్నవి. 1794 నాటికి అయిదు వందల చిత్రాలు వర్ణనలతో సహా సీమకు చేరినవి. వానిలో మూడు వందలను ఏరి, సర్ జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణలో కోరమాండల్ తీరపు మొక్కలు అనే పేర మూడు సంపుటాలుగా 1795 మొదలు 1820 వరకు లండనులో ప్రచురించినారు. చేతితో రంగులు దిద్దిన ఆ పుటలు నేటికీ ప్రపంచపు గొప్ప గ్రంథాలయాలలో అమూల్యనిధులుగా ఉన్నవి. గ్రంథకర్త పేరున్నది, పర్యవేక్షకుని పేరున్నది. బొమ్మ గీసిన మన చిత్రకారుని పేరు మాత్రం ఆ పుటలలో లేదు. ఆ పుస్తకాన్ని తలచుకొన్నప్పుడల్లా ఆ అనామకులకు ఒక నమస్కారం చేయడం మన విధి.

చిత్రకారుల పేర్లు నిలువకపోయినా మొక్కల పేర్లు నిలిచినవి. ఇది రాక్స్‌బర్గు మనకు చేసిన గొప్ప ఉపకారం. ప్రతి మొక్కకూ లాటిన్ నామంతోపాటు తెలింగ నామమేదో ఆయన అడిగి తెలుసుకొని వ్రాసినాడు. పొలంలో రైతు, కొండలో కట్టెలు కొట్టేవాడు, మందులమ్మే ముసలమ్మ – వీరు పలికిన పలుకును విన్నది విన్నట్లు ఇంగ్లీషు లిపిలో పెట్టినాడు. మోదుగ ఉన్నది. దాని తోడు తీగమోదుగ ఉన్నది. జ్వరానికి బెరడునిచ్చే సోమిడ మాను ఉన్నది. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ తెలుగుపేరునే కొద్ది మార్పుతో ఆ వృక్షజాతికి శాస్త్రనామంగా స్థిరపరచినారు. మన పల్లెమాట ఒకటి ఈ విధంగా ప్రపంచపు శాస్త్రభాషలోకి ఎక్కింది. నిఘంటుకారుల కంట పడని ఎన్నో వృక్షనామాలను ఈ వైద్యుడు రెండు శతాబ్దాలకు పూర్వమే భద్రపరచినాడన్నది భాషాభిమానులు మరువరాదు.

1793లో రాక్స్‌బర్గు సామర్లకోట విడిచినాడు. కలకత్తా సమీపాన శిబ్‌పూరు వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళి ఇరువది సంవత్సరాలు దానిని పెంచినాడు. సామర్లకోట తోట బెంజమిన్ హైన్ చేతికి వచ్చింది గాని, కాలక్రమంలో అది క్షీణించి మాసిపోయింది. కలకత్తాలో ఆయన అశోకవృక్షాన్ని వర్ణించి, సంస్కృతాభిమాని సర్ విలియం జోన్స్ జ్ఞాపకార్థం జోనీసియా అశోకా అని నామకరణం చేసినాడు. నేడు మొదటి పదం మారినా అశోక అన్న మాట శాస్త్రనామంలో నిలిచే ఉన్నది. సీతాదేవి కూర్చున్నది ఆ చెట్ల పేర పిలువబడిన వనంలోనే. మన పాఠశాలల ముంగిట ఈటెల వలె నిటారుగా పెరిగి అశోకమని పిలిపించుకొనేది నరమామిడి. ఈ భేదం విద్యార్థులకు చెప్పడం ఉపాధ్యాయుని ధర్మం.

ఆరోగ్యం చెడి 1813లో ఆయన భారతదేశం వీడినాడు. 1814లో విలియం కేరీ ఆ ఉద్యానంలోని మూడువేల అయిదువందల మొక్కల పట్టికను శ్రీరాంపూరులో అచ్చువేసినాడు. అదే సంవత్సరం అదే కేరీ తెలుగుభాషకు ఒక వ్యాకరణం కూడా ప్రకటించినాడని తెలుగువారు ఆనందంతో తెలుసుకోదగినది. మరుసటి యేడు, 1815లో, రాక్స్‌బర్గు ఎడింబరోలో మరణించినాడు. అక్కడి గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. జీవితసర్వస్వమైన ఫ్లోరా ఇండికా ఆయన కండ్లముందు అచ్చు కాలేదు. కేరీ పూనికతో మూడు సంపుటాలు పూర్తిగా వెలువడేసరికి 1832 అయింది. ఆ సంపుటాలలో పుట పుటకూ తెలింగనామాలు కనబడుతూనే ఉంటవి.

మొక్కలకు రాక్స్‌బర్గు చేసిన పనిని పక్షులకు అర్ధశతాబ్దం తరువాత నెల్లూరులో వైద్యుడుగా ఉన్న జెర్డన్ చేసినాడు. ఆయన 1848లో లోకానికి తెలిపిన కలివికోడి ఎనుబది సంవత్సరాలకు మించిన కాలం కంటికి కనబడక, నశించిందనే అనుకొన్నారు. 1986లో కడప జిల్లాలో అది మళ్ళీ దొరకడానికి తోడ్పడినది యంత్రాలు కావు. ఆ పిట్టనూ దాని పేరునూ ఎరిగిన స్థానికుల జ్ఞానమే. పేరు తెలిసినవాడున్నంత కాలం ఆ ప్రాణికి ఒక సాక్షి ఉంటాడు. పేరు మరచిపోతే, అది ఎప్పుడు పోయిందో కూడా మనకు తెలియదు.

నేటి సామర్లకోట కాకినాడ జిల్లాలో రైళ్ళు కలిసే ఊరు. రాక్స్‌బర్గు నాటిన తోట నేడు లేదు. కాని ఆయన వర్ణించిన మొక్కలలో అనేకం మన పెరళ్ళలోను, చెరువుగట్ల మీద, మెట్టచేల అంచుల మీద నేటికీ ఉన్నవి. నా తరగతిలోని విద్యార్థులను ఏటేటా ఈ ఋతువులో ఒక ప్రశ్న అడుగుతూ ఉంటాను. మీ ఇంటి ఆవరణలో ఉన్న అయిదు మొక్కల పేర్లు, వాని మీద వాలే మూడు పిట్టల పేర్లు తెలుగులో వ్రాయండని. మొక్కల పేర్లు రెండు మూడు వస్తవి. పిట్టలలో కాకి, పిచుక, చిలుక వస్తవి. గోరువంక, పికిలిపిట్ట, తేనెపిట్ట తెలిసినవారు ఏడాదికేడాదికి తగ్గుతున్నారు. ప్రబంధాలలోని వసంతవర్ణన కంఠస్థం చేసిన విద్యార్థికి కింశుకం మోదుగ అని తెలియకపోతే ఆ పద్యం వానికి ఎట్లు అర్థమవుతుంది?

దీనికి చికిత్స కష్టమైనది కాదు. ఈ ఉగాదికి ప్రతి విద్యార్థి చేతా ఒక చిన్న పుస్తకం కుట్టించండి. ఒక్క చెట్టును ఎన్నుకోమనండి. ఏనాడు చిగిర్చింది, ఏనాడు పూచింది, ఏ పిట్ట ఏ వేళ వచ్చింది, అమ్మమ్మ దానిని ఏమని పిలిచింది – చూచినది చూచినట్లు, తేదీతో వ్రాయమనండి. రాని బొమ్మనైనా గీయమనండి. అడుగున తన పేరు తప్పక వ్రాయమనండి. సామర్లకోట చిత్రకారులకు దక్కని ఆ చిన్న గౌరవం మన పిల్లలకైనా దక్కుతుంది.